ఇంటి డాక్టరా, నలుగురు స్పెషలిస్టులా: ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లు తేల్చుకునే పద్ధతి

"నాన్నగారికి సుగరు, బీపీ ఉన్నాయి. ఈమధ్య అరికాళ్లు తిమ్మిర్లంటున్నారు. బరంపురంలో చూపించాలా, విశాఖ తీసుకెళ్లాలా? న్యూరో డాక్టరా, సుగరు డాక్టరా?" పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం... ఊరు ఏదైనా అడిగేది ఇదే. తిమ్మిర్ల బదులు తలతిరుగుడు, మోకాళ్ల నొప్పి, నీరసం ఉంటాయి, అంతే తేడా.

మా సలహా మొదటే చెప్పేస్తాం. ఒక్క డాక్టరు దగ్గర మీ ఫైలు ఉండాలి. స్పెషలిస్టు దగ్గరికి ఒక ప్రశ్నతో వెళ్లాలి, జవాబు పట్టుకుని ఆ ఒక్కరి దగ్గరికే తిరిగి రావాలి. స్పెషలిస్టులు వద్దని మేం అనడం లేదు. నలుగురు నాలుగు చీటీలు రాసి, ఆ నాలుగూ కలిపి చూసేవాడు ఒక్కడూ లేకపోవడమే ప్రమాదం.

దగ్గర ఉండాల్సినవి

- 100 పేజీల నోటు పుస్తకం ఒకటి, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ఫైలు ఒకటి.
- గత ఏడాది చీటీలు, రక్తపరీక్షల కాగితాలు, ఈసీజీలు, డిశ్చార్జి సమ్మరీలు. ఈసీజీ కాగితం వేడికి వెలిసిపోతుంది, ఇవాళే జిరాక్స్ తీయించండి.
- ఇంట్లో వాడుతున్న మందులన్నీ, స్ట్రిప్పులతో సహా. ఆయుర్వేదం పొడులు, నొప్పి మాత్రలు, కంటి చుక్కలు, ఎవరో ఇచ్చిన "బలం మందు" కూడా.
- చేతికి కట్టే బీపీ మిషను. మణికట్టుది కాదు, మోచేతి పైన కట్టేది.
- ఆధార్, రేషన్ కార్డు, ఆయుష్మాన్ కార్డు.
- పెద్దవాళ్లతో ఎప్పుడూ వెళ్లే మనిషి ఒకరు. గంజాం వైపు చాలా ఇళ్లలో కొడుకు సూరత్‌లో, కూతురు అత్తవారి ఊళ్లో ఉంటారు. ఒక్కోసారి ఒక్కో చుట్టం తోడెళ్తే ముందుసారి డాక్టరు ఏమన్నాడో ఎవరికీ గుర్తుండదు. మనిషి మారక తప్పకపోతే నోటు పుస్తకం మాత్రం మారకూడదు.

1. ముందు మీ సమస్య ఏ రకమో చూడండి

కొన్నింటికి ఇంటి డాక్టరూ వద్దు, ఆలోచనా వద్దు. 108కి ఫోన్ చేయాలి:

- ఛాతీ మధ్యలో బరువు, బిగింపు, చెమటలు. నొప్పి ఎడమచేతికో దవడకో పాకడం.
- మూతి ఒక పక్కకు పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం.
- పాము కాటు, ఆయాసంతో మాట పూర్తి చేయలేకపోవడం, రక్తం కక్కుకోవడం, స్పృహ తప్పడం, గర్భిణికి ఫిట్స్ లేదా రక్తస్రావం.

పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపే ఇవ్వాలి. ఆ లోపు తలకు సీటీ స్కాన్ కూడా అయిపోవాలి. కాబట్టి "మనకు తెలిసిన న్యూరో విశాఖలో ఉన్నాడు" అని కారెక్కడం కన్నా, సీటీ ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో 108 వాళ్లను అడిగి అక్కడికి వెళ్లడం మేలు. మనిషి మామూలుగా ఉన్నట్టు చివరిసారి ఎప్పుడు చూశారో ఆ టైము కాగితం మీద రాసుకోండి. అక్కడ మొదట అడిగేది అదే.

ఒక హెచ్చరిక. మనవైపు ఛాతీలో ఏమొచ్చినా "గ్యాస్ పట్టేసింది" అంటారు. డాక్టరుతో ఆ మాట అనకండి. ఎక్కడ, ఎంతసేపు, నడిస్తే పెరుగుతోందా, కూర్చుంటే తగ్గుతోందా, ఇవి చెప్పండి. 40 దాటినవాళ్లకు, సుగరు ఉన్నవాళ్లకు ఈసీజీ తీయకుండా గ్యాస్ మాత్ర ఇచ్చి పంపేస్తే ఒప్పుకోకండి.

కొన్నింటికి నేరుగా స్పెషలిస్టు దగ్గరికి వెళ్లొచ్చు. గర్భం (ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉచితంగా ఉంటుంది), ఎముక విరగడం, పంటి నొప్పి, చూపు తగ్గడం, రొమ్ములో గడ్డ. చూపు హఠాత్తుగా పోతే మాత్రం అది ఆ రోజే చూపించాల్సిన విషయం.

ఇంకొన్నింటికి స్పెషలిస్టు కన్నా ముందు ప్రభుత్వ పరీక్ష కావాలి. రాయగడ, కొరాపుట్, మల్కాన్‌గిరి, గజపతి జిల్లాల్లో జ్వరం వస్తే ఆ రోజే ఆశా కార్యకర్త దగ్గర మలేరియా కిట్ పరీక్ష చేయించండి, పైసా అడగరు. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష కూడా ప్రభుత్వ కేంద్రంలో ఉచితమే. చర్మం మీద స్పర్శ తెలియని మచ్చ ఉంటే మందుల షాపులో రింగ్‌వార్మ్ క్రీము కొనకండి. అది కుష్ఠు కావచ్చు. దానికి పూర్తి కోర్సు మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు.

మిగిలినవన్నీ, అంటే నీరసం, తలతిరుగుడు, ఒళ్లు నొప్పులు, తిమ్మిర్లు, కడుపు ఉబ్బరం, నిద్ర పట్టకపోవడం, బరువు తగ్గడం, సుగరు, బీపీ, థైరాయిడ్, ముందు ఇంటి డాక్టరుకే. ఎందుకంటే వీటిలో ఏ ఒక్కటీ ఒక్క అవయవానికే కట్టుబడి ఉండదు. తలతిరుగుడునే చూడండి. ఈఎన్‌టీ దగ్గరికి వెళ్తే చెవి చూస్తాడు, న్యూరో తల స్కాన్ రాస్తాడు, గుండె డాక్టరు ఎకో తీస్తాడు. మూడూ బాగానే ఉంటాయి. అసలు సంగతి బీపీ మాత్ర డోసు ఎక్కువై, లేచి నిలబడగానే ప్రెషరు పడిపోవడం కావచ్చు. ఇది తేల్చడానికి మిషను ఒక్కటి చాలు: 5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడాలి, లేపి నిలబెట్టి 1 నిమిషానికి, 3 నిమిషాలకు మళ్లీ చూడాలి. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని పడిపోతే అదే ఆధారం. పక్కన ఒకరు పట్టుకుని నిలబడాలి, పడిపోతారు.

2. ఇంటి డాక్టరును ఎంచుకోండి

ఎంబీబీఎస్ అయినా సరే, జనరల్ మెడిసిన్‌లో గాని ఫ్యామిలీ మెడిసిన్‌లో గాని ఎండీ, డీఎన్‌బీ చేసినవారైనా సరే. పీహెచ్‌సీ, సీహెచ్‌సీ డాక్టరు కూడా ఈ పనికి పూర్తిగా తగినవారే. బదిలీలు అవుతుంటాయి కాబట్టే ఫైలు మీ దగ్గర ఉండాలంటున్నాం. పిల్లలున్న ఇంటికి పిల్లల డాక్టరు విడిగా ఉండొచ్చు.

చూడాల్సినవి ఇవీ:

చీటీ మీద మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. లేకపోతే అడగండి, అడగడం తప్పు కాదు. జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లోని రిజిస్టరులో పేరు వెతికి చూడొచ్చు.

ఇంటి నుంచి గంట లోపు దూరంలో ఉండాలి. వారానికి కనీసం ఐదు రోజులు దొరకాలి. నెలకోసారి విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో వచ్చి లాడ్జిలోనో మందుల షాపు వెనకో కూర్చునే పెద్ద డాక్టరు మంచి స్పెషలిస్టే కావచ్చు, ఇంటి డాక్టరుగా మాత్రం పనికిరాడు. ఆయన మాత్రకు ఒంటి మీద దద్దుర్లొస్తే మిగతా 29 రోజులు ఎవరిని అడుగుతారు?

మొదటి రోజే "ఇప్పుడు ఏ మందులు వాడుతున్నారు?" అని అడిగారా, "ఇది నా పరిధి కాదు, ఫలానా వారికి చూపించండి" అని ఎప్పుడైనా అంటారా, ఈ రెండూ గమనించండి. వచ్చినవాళ్లందరికీ సూది, సెలైను పెట్టేవారైతే వదిలేయండి.

భాష సంగతి. బరంపురంలో, పర్లాకిమిడిలో తెలుగు వచ్చిన డాక్టర్లు దొరుకుతారు. ఒడియా మాత్రమే వచ్చిన డాక్టరైనా పర్వాలేదు, ఇంట్లో ఒడియా బడిలో చదివిన పిల్లను వెంట తీసుకెళ్లండి. కాకపోతే పీకుడు, లాగుడు, గాభరా, దడ లాంటి మాటలు అనువాదంలో చచ్చిపోతాయి. "గాభరాగా ఉంది" అన్న మాట "భయంగా ఉంది" అయి కూర్చుంటుంది. వేలితో చోటు చూపించి, ఎంతసేపు ఉంటోందో నిమిషాల్లో చెప్పమనండి.

ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక్కడే అందుబాటులో ఉంటే? అతను బీపీ చూడొచ్చు, గాయానికి కట్టు కట్టొచ్చు, అర్ధరాత్రి ఆటో మాట్లాడి పెట్టొచ్చు. రోగం తేల్చి మందులు మార్చే పని అతనికి ఇవ్వకండి. మోకాళ్ల నొప్పికి వేసే "పవర్ ఇంజెక్షన్"లో స్టెరాయిడ్ ఉంటే నొప్పి ఆ పూటే తగ్గుతుంది, సుగరు మాత్రం రోజుల తరబడి ఎక్కి కూర్చుంటుంది. ఇంటి డాక్టరుకు ఆ సూది సంగతి తెలియకపోతే సుగరు మాత్రల డోసు పెంచేస్తాడు. దూరమైన ఊళ్లవాళ్లు ఈ-సంజీవనిలో వీడియో మీద ప్రభుత్వ డాక్టరును అడగొచ్చు. దగ్గరి ఆరోగ్య కేంద్రంలో కలిపించమనండి.

3. మందుల కాగితం తయారు చేయండి

మొత్తం పద్ధతిలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, జనం వదిలేసేదీ ఇదే. ఒక ఆదివారం రెండు గంటలు కూర్చోండి.

మందులన్నీ నేల మీద పరవండి. నోటు పుస్తకంలో ఆరు గళ్లు గీయండి: మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పుడు వేసుకుంటున్నారు, దేనికి, ఎవరు రాశారు, ఎప్పటి నుంచి. మొదటి గడిలో కంపెనీ పెట్టిన పేరు కాదు, స్ట్రిప్పు మీద ఉన్న అసలు మందు పేరు రాయాలి. ఒక మాత్రలో రెండు మూడు మందులు కలిసి ఉంటే అన్నీ విడివిడిగా రాయండి. తెలియకపోతే మందుల షాపతన్ని అడగండి.

రాశాక ఇవి వెతకండి:

- ఒకే పేరు రెండుసార్లు వచ్చిందా? బరంపురం చీటీలో బీపీ మందు టెల్మిసార్టాన్ ఒక కంపెనీది, విశాఖ చీటీలో ఇంకో కంపెనీది; రంగు వేరు, డబ్బా వేరు, మందు ఒకటే. సుగరు మాత్ర గ్లిమెపిరైడ్ ఇలా రెట్టింపయితే సుగరు పడిపోయి తెల్లవారుజామున చెమటలు పట్టి స్పృహ పోతుంది. గ్యాస్ మాత్ర పాంటాప్రజోల్ అయితే ప్రతి చీటీలోనూ ఉంటుంది, మూడు చీటీలకు మూడు మాత్రలు మింగేవాళ్లున్నారు.
- డైక్లోఫినాక్, ఏసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్ర ఉందా? దానితోపాటు బీపీకి "ప్రిల్" లేదా "సార్టాన్" అని ముగిసే మందు, ఒంటి నీరు తీసే మాత్ర కూడా ఉన్నాయా? ఈ మూడూ కలిస్తే కిడ్నీ దెబ్బతినొచ్చు. గుండె డాక్టరు రెండు రాస్తాడు, ఎముకల డాక్టరు మూడోది రాస్తాడు. ఇద్దరిదీ విడిగా చూస్తే తప్పు లేదు.
- థైరాయిడ్ మాత్ర, కాల్షియం, ఐరన్ ఒకే పూట వేసుకుంటున్నారా? థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్లతో వేసుకోవాలి, కాల్షియం, ఐరన్ దానికి 4 గంటలు ఎడంగా ఉండాలి. కలిపి వేసుకుంటే థైరాయిడ్ మందు ఒంటికి పట్టదు. రిపోర్టులో టీఎస్‌హెచ్ అంకె (మందు చాలకపోతే పెరిగేది) ఎక్కువ చూపిస్తుంది, డోసు పెంచుతారు.
- సుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా? అది బీ12 తగ్గిస్తుంది. మొదట్లో చెప్పిన నాన్నగారి తిమ్మిర్లకు సుగరు ఒక కారణం కావచ్చు, ఇది ఇంకోటి. న్యూరో దగ్గరికి బయల్దేరే ముందు బీ12 పరీక్ష చేయించమని ఇంటి డాక్టరును అడగండి.

హెచ్చరిక: రెట్టింపు కనిపించిందని మీరే మాత్ర ఆపేయకండి. డాక్టరుకు అదే రోజు ఫోన్ చేసి అడగండి. స్టెంటు వేశాక ఇచ్చే క్లోపిడోగ్రెల్, ఫిట్స్ మందులు, వారాల తరబడి వాడుతున్న స్టెరాయిడ్, గుండెదడకు ఇచ్చే "ఓలాల్" అని ముగిసే మాత్రలు, వీటిని హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

4. ఇంటి డాక్టరుతో మొదటి రోజు

రద్దీ తక్కువ ఉండే రోజు అడిగి వెళ్లండి. ఫైలు, మందుల సంచి, మందుల కాగితం, వారం రోజుల బీపీ అంకెలు తీసుకెళ్లండి.

బీపీ కొలిచే తీరు: అరగంట ముందు నుంచి టీ, చుట్ట, బీడీ వద్దు. 5 నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి. ఉదయం, సాయంత్రం, 7 రోజులు. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతా వాటి సగటు తీయండి. ఇంటి దగ్గర సగటు 135/85 దాటితే ఎక్కువ కింద లెక్క.

అడగాల్సినవి మూడే: "ఈ మందుల్లో అక్కర్లేనివి ఏవి? నాకు ఏ పరీక్ష ఎప్పుడు చేయాలి? ఏం కనిపిస్తే స్పెషలిస్టు దగ్గరికి పంపుతారు?" మూడో దానికి జవాబు పుస్తకంలో రాయించుకోండి.

సుగరు ఉన్నవాళ్లకు కనీసం ఉండాల్సినవి: హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు సుగరు) అదుపులో లేనప్పుడు 3 నెలలకు, ఉన్నప్పుడు 6 నెలలకు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రంలో ఆల్బుమిన్ (ప్రోటీన్), కంటి రెటీనా, పాదాల పరీక్ష ఏడాదికోసారి. ఒకే డాక్టరు లేని ఇళ్లలో హెచ్‌బీఏ1సీ ఏడాదికి నాలుగుసార్లు అవుతుంది, మూత్రంలో ఆల్బుమిన్ ఒక్కసారీ అవదు.

ఇక్కడివాళ్లు తప్పక చెప్పాల్సిన విషయం ఇంకొకటి. కొరాపుట్, రాయగడ, గజపతి ప్రాంతాల్లో సికిల్ సెల్ జబ్బు (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తజబ్బు) ఉన్న కుటుంబాలున్నాయి. ఆ జబ్బు ఉంటే హెచ్‌బీఏ1సీ అంకె నమ్మదగినది కాదు, సుగరును వేరే పరీక్షలతో చూసుకోవాలి. పిల్లలకు మళ్లీ మళ్లీ వచ్చే ఎముకల నొప్పులకు ఆర్థో దగ్గర ఎక్స్‌రేల మీద ఎక్స్‌రేలు తీయించే ముందు సికిల్ పరీక్ష ఒక్కసారి చేయించండి.

5. ఎప్పుడు స్పెషలిస్టు కావాలి

ఇంటి డాక్టరు మందు మొదలుపెట్టాక ఎన్ని రోజులు చూడాలో ఆయన్నే చెప్పమనండి. గడువు లేని వైద్యం వద్దు. ఈ కింది వాటికి మాత్రం గడువు లేకుండానే పంపమని అడగొచ్చు:

- కిడ్నీ: ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత అంకె) 30 కన్నా తక్కువ, లేదా మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి 300 దాటడం, లేదా క్రియాటినిన్ ఒక్కో రిపోర్టుకూ పెరుగుతూ పోవడం. ఒక్క రిపోర్టు చూసి బెంబేలు పడకండి; విరేచనాలు, నొప్పి మాత్రల వల్ల కూడా పెరుగుతుంది. 3 నెలలు అలాగే నిలిస్తేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు బంధుత్వాలున్న ఇళ్లకు ఉద్దానం కిడ్నీ జబ్బుల సంగతి కొత్త కాదు. ఆ వైపు పుట్టి పెరిగినవాళ్లు సుగరు, బీపీ లేకపోయినా ఏడాదికోసారి క్రియాటినిన్ చూపించుకోవడం మంచిది.
- బీపీ: మూడు రకాల మందులు సరైన డోసులో, మానకుండా వేసుకున్నా దిగకపోవడం.
- సుగరు: మందులు మార్చినా 6 నెలలకు హెచ్‌బీఏ1సీ దిగకపోవడం, పదేపదే సుగరు పడిపోవడం, పాదం మీద మానని పుండు.
- గుండె: నడిస్తే వచ్చే ఛాతీ బిగింపు, కొత్తగా వచ్చిన ఆయాసం, ఈసీజీలో మార్పు.
- కారణం తెలియకుండా బరువు తగ్గడం, మింగడం కష్టం కావడం, మలంలో రక్తం, రెండు మూడు వారాల్లో మానని నోటి పుండు. ఖైనీ, గుట్కా, అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటున్నవాళ్లు నోటి పుండును అసలు వాయిదా వేయకండి.

6. ఎటు వెళ్లాలి

సరిహద్దు వాళ్లకు ఉన్న మేలూ ఇదే, చిక్కూ ఇదే. బరంపురంలో 1962లో మొదలైన ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కొరాపుట్‌లో 2017లో వచ్చిన మెడికల్ కాలేజీ, అటు శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రి, విశాఖ కేజీహెచ్; కిడ్నీకి పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన పరిశోధన కేంద్రం, ఆసుపత్రి; క్యాన్సరుకు విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా ఆసుపత్రి.

ఎంచుకునే కొలత డాక్టరు పేరు కాదు, మళ్లీ వెళ్లాల్సిన సార్లు. ఒక్కసారి అభిప్రాయం కోసమైతే విశాఖ అయినా భువనేశ్వర్ అయినా పర్వాలేదు. డయాలిసిస్‌లా వారానికి రెండు మూడుసార్లు వెళ్లాల్సింది దగ్గర్లోనే చూసుకోవాలి. "ఎన్నిసార్లు రావాలి?" అని మొదటి రోజే అడగండి. రైలు, బస, తోడు వచ్చినవాళ్ల కూలి, అన్నీ కలిపి ఒకసారికి ఎంతవుతుందో దాంతో గుణించండి. గుండె ఆపరేషన్ కన్నా ఆ తర్వాతి ప్రయాణాలకు అప్పు చేసినవాళ్లు తక్కువేం లేరు.

కార్డు విషయంలో జరిగే పొరపాటు: ఒడిశా రేషన్ కార్డున్నవాళ్లకు ఆంధ్రా వాళ్ల ఎన్టీఆర్ వైద్యసేవ వర్తించదు, విశాఖలో మేనమామ ఉన్నా సరే. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకు అదనంగా ఇంకో 5 లక్షలు. ఆయుష్మాన్ కార్డు ఆ పథకంలో చేరిన బయటి రాష్ట్రం ఆసుపత్రిలోనూ చెల్లుతుంది. బయల్దేరే ముందు 14555కి ఫోన్ చేసి ఆ ఆసుపత్రి ఉందా, మీకు కావాల్సిన విభాగం ఉందా అని రెండూ అడగండి. ఆసుపత్రి ఉండి విభాగం లేకపోవడం మామూలే. ఇంకో మాట: కార్డు అడ్మిషన్‌కే. ఓపీ ఫీజు, ఊరికే చేయించుకునే స్కాను జేబులోంచే.

7. ప్రశ్న రాయించుకుని వెళ్లండి

ఇంటి డాక్టరును ఉత్తరం అడగండి. పేజీ నిండా అక్కర్లేదు, ఇలా ఐదు వరుసలు చాలు:

"వయసు 62, పురుషుడు. సుగరు 11 ఏళ్లుగా, బీపీ 6 ఏళ్లుగా. క్రియాటినిన్ జనవరిలో 1.3, ఏప్రిల్‌లో 1.6, జులైలో 1.9. వాడుతున్న మందులు వెనక ఉన్నాయి. ప్రశ్న: పెరుగుదలకు కారణం ఏమిటి, మెట్‌ఫార్మిన్ కొనసాగించవచ్చా?"

ప్రశ్న లేకుండా వెళ్తే "మొత్తం చెకప్" మొదలవుతుంది. ప్రశ్న ఉంటే చేసిన పరీక్షలు మళ్లీ చేయించడం చాలావరకు తప్పుతుంది. స్పెషలిస్టు కొత్త పరీక్ష రాస్తే "దీని ఫలితాన్ని బట్టి వైద్యం మారుతుందా?" అని మర్యాదగా అడగండి.

బయటికి వచ్చే ముందు చీటీ మీద నాలుగు ఉన్నాయో లేదో చూసుకోండి: జబ్బు పేరు, కొత్త మందు ఎన్నాళ్లు, పాత మందుల్లో ఏది ఆపాలి, మళ్లీ తన దగ్గరికే రావాలా లేక ఇంటి డాక్టరు చూసుకోవచ్చా. మూడోది దాదాపు ఎవరూ రాయరు, అడిగి రాయించుకోవాలి. ఓపీ చీటీ ఎన్ని రోజులు చెల్లుతుందో కౌంటరులో అడగండి. రిపోర్టులు ఆ లోపు చూపిస్తే రెండో ఫీజు ఉండదు.

8. ఏడు రోజుల్లో తిరిగి రండి

కొత్త చీటీ, రిపోర్టులు ఇంటి డాక్టరుకు చూపించి మందుల కాగితం తిరగరాయండి. పాత కాగితం మీద అడ్డంగా గీత కొట్టి తేదీ వేయండి, చించేయకండి. ఆపేసిన మందుల స్ట్రిప్పులు ఇంట్లోంచి తీసేయండి. పెద్దవాళ్లు "కొన్నాం కదా, పారేయడమెందుకు" అని మింగేస్తారు.

ఇద్దరు డాక్టర్ల మాట కలవకపోతే? మీరు మధ్యవర్తి కాకండి. ఇంటి డాక్టరు చేత ఆ స్పెషలిస్టుకు ఫోన్ చేయించండి, కుదరకపోతే అభ్యంతరం చీటీ మీద రాయించి పంపండి. అప్పటికీ తేలకపోతే, ఆపరేషన్ లాంటి పెద్ద విషయమైతే, అదే విభాగంలో రెండో స్పెషలిస్టును ఒక్కరిని అడగండి. మూడో, నాలుగో అభిప్రాయాలకు వెళ్లినకొద్దీ గందరగోళమే తప్ప స్పష్టత రాదు.

ఇప్పటికే నలుగురు డాక్టర్లు ఉన్నవాళ్లు

అందరినీ మానేయకండి. గుండె స్టెంటు, డయాలిసిస్, క్యాన్సరు, ఫిట్స్, కీళ్లవాతం లాంటి వాటికి స్పెషలిస్టు కొనసాగాల్సిందే. అందరికన్నా దగ్గర్లో ఉండి, మీ మిగతా జబ్బుల గురించి కూడా అడిగేవాళ్లలో ఒకరిని ఇంటి డాక్టరుగా ఉండమని అడగండి. అది స్పెషలిస్టే అయినా ఇబ్బంది లేదు. డయాలిసిస్ మీద ఉన్నవాళ్లకు ఎలాగూ కిడ్నీ డాక్టరే ఇంటి డాక్టరు. మిగతా డాక్టర్లకు ప్రతిసారీ తాజా మందుల కాగితం జిరాక్స్ ఇవ్వండి.

ఆరు నెలలకు పరీక్షించుకోండి

నోటు పుస్తకం తీసి వీటికి జవాబులు వెతకండి. ఒకే పరీక్ష నెల లోపు రెండు చోట్ల చేయించారా? మాత్రల సంఖ్య పెరిగితే, పెరిగిన ప్రతిదానికీ ఎదురుగా "దేనికి" అన్న గడి నిండి ఉందా? బీపీ, సుగరు, క్రియాటినిన్ అంకెలు వరుసగా ఒకే పేజీలో కనిపిస్తున్నాయా? రాత్రి 10 గంటలకు ఒంట్లో బాగాలేకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఇంట్లో అందరూ ఒకే పేరు చెబుతున్నారా?

ఖాళీలు కనిపిస్తే తప్పు మీదో డాక్టరుదో చూడండి. ఫైలు చూపించినా తెరవకపోవడం, అడిగితే విసుక్కోవడం, రెండు గడువులు దాటినా స్పెషలిస్టు దగ్గరికి పంపకపోవడం, ఒకే ల్యాబుకు వెళ్లమని పట్టుబట్టడం, ఇవి కనిపిస్తే ఇంటి డాక్టరును మార్చండి. మార్చే రోజున ఆఖరి చీటీ, ఏడాది రిపోర్టుల జిరాక్స్, మందుల కాగితం, పడని మందుల పేర్లు కొత్త డాక్టరుకు ఇవ్వండి. పడని మందుల పేర్లు మాత్రం ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో, ఇంగ్లీషులో, పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి. ఒడియా నర్సయినా తెలుగు నర్సయినా చదవగలగాలి.